బాపు గురించి నేను చేసిన ప్రార్థన

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు... శుక్రవారం సాయంత్రం అయిదయ్యిందంటే మా వాడ పిల్లలం ఏడెనిమిది మందిమి కరుణమ్మ సిస్టర్ ఇంటికి చేరేవాళ్లం. ఆమె వరంగల్ పెద్ద దవాఖానలో నర్సు. పెళ్లి చేసుకోలేదు. డ్యూటీ దిగి వచ్చి, తెల్లచీర మార్చుకుని, అరుగు మీద ఈతచాప పరిచేది. అదే మా యవ్వనస్తుల కూడిక.

ఎనభైల మొదట్లో అనుకోండి... మైకులు లేవు, గిటార్లు లేవు. ఒక పాట, ఒక వాక్యం, ఆ తర్వాత ఒక్కొక్కరం ప్రార్థన చేయాలి. ఆఖరికి గ్లాసెడు మజ్జిగ.

ప్రార్థనలో నేనే ఫస్టు. పాస్టరయ్య మాటలన్నీ నాకు నోటికి వచ్చేవి. "సర్వోన్నతుడవైన తండ్రీ..." అని మొదలుపెడితే అయిదు నిమిషాలు ఆగేదాన్ని కాదు. నా దోస్తు ఎస్తేరు మాత్రం "యేసయ్యా, అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గియ్యి, ఆమెన్" అని ముగించేది. నాకు లోపల నవ్వొచ్చేది.

మా బాపు ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ. మిర్చి బస్తాలు మోసి మోసి ఇంటికొచ్చేసరికి బట్టల నిండా ఘాటు. నీళ్ల గోలెం దగ్గర సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుంటే గానీ నన్ను ముట్టుకునేవాడు కాదు.

అంతకు మూడేళ్ల ముందు మా తమ్ముడు మెదడువాపు జ్వరంతో పోయాడు. ఆరేళ్లవాడు. దవాఖానలో వాడి మంచం పక్కన బాపు మూడు రోజులు మోకాళ్ల మీదే ఉన్నాడు. వాడు పోయాక మళ్లీ చర్చి గడప తొక్కలేదు. ఆదివారం అమ్మను, నన్ను గేటు దాకా తీసుకొచ్చి వెనక్కి తిరిగేవాడు. ఎవరూ ఏమీ అనలేదు... కానీ నాకు సిగ్గుగా ఉండేది.

ఒక శుక్రవారం నా వంతు వచ్చింది. కళ్లు మూసుకుని బాపు గురించే మొదలుపెట్టాను. "ప్రభువా, నిన్ను విడిచి దూరమైన మా తండ్రిని జ్ఞాపకము చేసుకొనుము. ఆయన కఠిన హృదయమును మెత్తపరచుము..." మాటలు దొర్లుతున్నాయి. నా గొంతు నాకే ముద్దొచ్చింది.

ఆమెన్ అని కళ్లు తెరిస్తే... అరుగు కింద సైకిల్ పట్టుకుని బాపు నిలబడి ఉన్నాడు. ఆ రోజు పని తొందరగా అయిపోతే నన్ను తీసుకుపోదామని వచ్చాడు.

"పోదామా బిడ్డా," అన్నాడు. అంతే. దారంతా తల వంచి సైకిల్ తొక్కాడు. వెనక కూర్చున్న నాకు, తిట్టినా బాగుండు అనిపించింది.

మరునాడు బడి విడవగానే సిస్టర్ ఇంటికి పరుగెత్తాను. ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. ఏడ్చుకుంటూ అంతా చెప్పాను.

"నేను తప్పు మాట అనలేదు గద సిస్టరమ్మా. ప్రార్థననే గద చేసిన."

ఆమె చేట పక్కకు పెట్టింది. "నిన్న నువ్వు దేవునికి చెప్పినవా, మాకు చెప్పినవా?"

నేను తల దించి చేటలో బియ్యం గింజలు కదిపాను.

"ఆ మూడు రోజులు ఆ వార్డుల డ్యూటీ నాదే బిడ్డా. మీ బాపుది కఠిన హృదయం గాదు. దెబ్బ తాకింది ఆయినకు. ఇంక మానలే."

"మరి నేనేం చెయ్యాలె?"

"పెద్ద పెద్ద మాటలు జర పక్కకు పెట్టు. నీకు ఏమనిపిస్తాందో గదే చెప్పు దేవునికి. మాటలు రాకుంటే ఊకె కూసో. ఆయనకు అర్థమైతది."

పనికి పోయేముందు బాపు గడప మీద కూర్చుని చాయ్ తాగేవాడు. సోమవారం పొద్దున నేనూ పోయి పక్కన కూర్చున్నాను. ఎంత వెతికినా పాస్టరయ్య మాట ఒక్కటీ దొరకలేదు.

"బాపూ, నన్ను మాఫ్ చెయ్యి. అందరి ముంగట నిన్ను చిన్న చేసిన."

బాపు చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"తమ్మున్ని బతికియ్యమని ఒక్కటే అడిగిన బిడ్డా. అటెన్క ఏం అడగాల్నో తెలుస్తలేదు. నోరు తెరుస్తే వాని పేరే వస్తది."

"ఏం అడగకు బాపూ... ఊకె కూసుందాం."

కూర్చున్నాం. లోపల్లోపల "యేసయ్యా, మా బాపు పక్కన జర ఉండు" అన్నాను. అన్నేళ్లు అన్ని మాటలు చెప్పాను గానీ, నేను చేసిన మొదటి ప్రార్థన అదేనని ఇప్పటికీ అనుకుంటాను.

అప్పటి నుంచి రోజూ అట్లాగే... పది నిమిషాలు. మాటా లేదు, పాటా లేదు. కూడికలో కూడా నా ప్రార్థన చిన్నదైపోయింది. ఎస్తేరు కంగారుపడి "ఏమైందే, పానం బాలేదా?" అని అడిగింది.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున బాపు గొంతు సవరించుకున్నాడు.

"తండ్రీ... వాడు నీ తాననే ఉన్నడు గద. మంచిగ చూసుకో."

ఆమెన్ కూడా అనలేదు. లేచి సైకిల్ తీసుకుని పనికి పోయాడు. పొయ్యి దగ్గర అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అట్లాగే ఉండిపోయింది.

చర్చికి మాత్రం వెంటనే రాలేదు. ఇంకో రెండేళ్లు పట్టింది. వచ్చినా ఆఖరి వరుసలో, చెప్పుల దగ్గర కూర్చునేవాడు. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని ఎవరూ అడగకుండా సిస్టర్ చూసుకుంది.

ఇప్పుడు బాపు లేడు, సిస్టర్ లేదు. ఆ ఇల్లు ఉన్నచోట మూడంతస్తుల బిల్డింగు లేచింది. మా చర్చిలో యూత్ మీటింగ్ అంటే డ్రమ్స్, తెర మీద పాటలు... పిల్లలు బాగానే పాడుతున్నారు, తప్పు పట్టను. ఆమెన్ అనగానే ఎవరి బండి వాళ్లు ఎక్కి పోతారు. వాళ్లలో ఎవరైనా ఏడ్చుకుంటూ పోతే, చేతిలో పని పక్కన పెట్టి ఆఖరిదాకా వినే మనిషి ఉన్నారా అని మాత్రం మనసు కొట్టుకుంటుంది...

మీకు ప్రార్థన నేర్పిందెవరు? అమ్మా, నాయనమ్మా, వాడలో ఇంకెవరైనా... పేరొక్కటి రాసినా చాలు. ఈ పూట వాళ్లను కూడా తలుచుకుంటాను.