మా ఆకలి కోసం ముందే వచ్చిన మామిడి పండగ

పోరాట కాలం సంగతులు రాసుకోవడానికి ఎంతమంది మా ఊరికి వచ్చినా, నా దగ్గర ఎవరూ కూర్చోలేదు. "నువ్వేం కొట్లాడినవే? కొండలు చూసొచ్చినవు" అని మా ఊరాయన ఒకడు వాళ్ల ముందే నవ్వాడు. అవును, చూశాను.

పాలకుర్తి పక్కనున్న మా ఊరిని రజాకార్లు తగలబెట్టినప్పుడు అమ్మా నేనూ భూపాలపల్లి అడవుల్లోకి నడిచాం. కొండల నడుమ లోయలో ఒక కోయగూడెం. చెట్ల నిండా మామిడికాయలు. ఒకటి అందుకోబోతే ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"పండగ కాలే బిడ్డా, ముట్టొద్దు."

కొత్త కాయ దేవతకు పెట్టాకే తినడం వాళ్ల ఆచారమట. నాకు తల కొట్టేసినట్టయింది. "ఉపాసం సావుమంటవా అవ్వా?" అన్నాను.

ఆమె నేరుగా గూడెం పెద్దల దగ్గరికి వెళ్లింది. గూడెంలో మాకు పెట్టడానికి గింజలు లేవు. ఆ సాయంత్రమే డోలు మోగింది. ఎన్నాళ్లకో చేయాల్సిన పండగను మా కోసం ముందుకు జరిపారు. దేవతకు పెట్టి, మా అమ్మకు పెట్టి, "ఇగ తిను. కోపం పోయిందా?" అని నవ్వింది ముసలమ్మ.

మరునాడు ఆమే మమ్మల్ని కొండ ఎక్కించింది. కింద మంచు విడిపోతుంటే వాగు, గుడిసెలు, పచ్చటి లోయ మెల్లగా బయటపడ్డాయి. ఊరు కాలాక అమ్మ మొదటిసారి నవ్వింది అక్కడే.

తర్వాత, అడవిలో దళాలకు తిండి దొరకొద్దని సర్కారు వాళ్లు గూడేలను కొండల నుంచి దించేశారు. నేను మళ్లీ వెళ్లేసరికి మనుషుల్లేరు. ఏ ఆఫీసులో అడిగినా "మళ్లీ రా" అన్నారు. ఆ ముసలమ్మ ఇప్పుడు ఉండదు, ఆమె కలిసిన మట్టికైనా దండం పెట్టుకోవాలి. వాళ్లను ఎక్కడికి తోలారు? ఇప్పుడైనా ఎవరో ఒకరు జవాబు చెప్పండి.