అమ్మ పేరు అడిగే లువో మాస్టారు

చైనాలోని కున్మింగ్‌లో ఔషధ మొక్కల మీద పరిశోధన చేసే లువో మాస్టారికి ఒకటే పిచ్చి. ఎవరినీ సొంత పేరుతో పిలవరు. వాళ్ల అమ్మ పేరు కనుక్కుని ఆ పేరుతో పిలుస్తారు.

"షియుజువాన్ గారబ్బాయీ, ఆకులు నూరావా?"

"నాకూ ఓ పేరుంది మాస్టారూ!"

"ఉంటే ఉండనీ. హరితరేణువులు మీ నాన్నవి కావుగా!"

"నాకసలు హరితరేణువులే లేవండీ. నేను మొక్కను కాను."

"అది నీ ఖర్మ."

ల్యాబులో వాళ్లు చదివేది చోంగ్‌లౌ అనే మందుమొక్క ఆకుల్లోని హరితరేణువుల జన్యుక్రమం. ఆ రేణువులు తల్లి మొక్క నుంచే పిల్ల మొక్కకు వస్తాయి, తండ్రికి వాటా లేదు. ఈ ఒక్క ముక్క పట్టుకుని మాస్టారు మనుషుల మీద పడ్డారు. తనిఖీకొచ్చిన పెద్దాఫీసరునీ వదల్లేదు. "ముందు మీ అమ్మగారి పేరు చెప్పండి" అన్నారు. ఆయన సిగ్గుపడుతూ చెప్పి, అమ్మ పెట్టే ఆవకూర ఊరగాయ గురించి మాట్లాడుతూ తనిఖీ సంగతే మరిచిపోయాడు.

అందరూ నవ్వేవారు, ఒక్క యాలన్ తప్ప. కొత్తగా చేరిన ఆ పిల్లకు ఊళ్లో ఎవరూ లేరు. అద్దె గదిలో గోడకెదురుగా కూర్చుని సేమ్యా తినేది. చేరిన రోజే భోజనాల దగ్గర ఎవరో "మీ నాన్నగారేం చేస్తారు?" అని అడిగారు. నాన్న ఎవరో తెలిస్తే కదా చెప్పడానికి! మళ్లీ ఎవరైనా అడిగేలోపే ఊరెళ్లిపోవాలని అప్పుడే అనుకుంది.

ముక్కలుగా చదివిన జన్యుక్రమం కంప్యూటర్‌లో గుండ్రటి వలయంగా అతుక్కుని పని పూర్తయిన రోజు అందరూ చప్పట్లు కొడుతుంటే, యాలన్ బల్ల సర్దుకుంటోంది.

"వెళ్లిపోతావా?" అంది అందరికన్నా సీనియర్ పెంగ్ అక్క.

"ఈ పిచ్చి మాస్టారితో ఇన్నేళ్లు ఎలా వేగావక్కా?"

"ఇన్నేళ్లా? నువ్వొచ్చిన రోజు మొదలైందే ఈ పిచ్చి! అంతకుముందు నేను ఉత్త పెంగ్‌నే. మీ నాన్న గురించి అడిగితే నువ్వు గిన్నెలో తల దూర్చావు చూడు, సాయంత్రానికల్లా ఆయనకు అందరి అమ్మలూ కావలసొచ్చారు. ఆ తర్వాత ఇక్కడెవరైనా ఎవరి నాన్న గురించైనా అడిగారా?"

యాలన్ సర్దడం ఆపేసింది. తిన్నగా మాస్టారి గదిలోకి వెళ్లింది.

"మాస్టారూ, మీ అమ్మగారి పేరేంటి?"

ఆ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మాస్టారు కళ్లజోడు తుడుచుకున్నారు.

"తెలీదమ్మా. అనాథాశ్రమంలో పెరిగాను."

యాలన్ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పోనీ, మా అమ్మ పేరు వాడుకోండి."

"ఆవిడ ఏమైనా అనుకుంటుందేమో?"

"అనుకోదు. కానీ రోజూ ఫోన్ చేసి, తిన్నావా లేదా అని చంపుతుంది."

మాస్టారు పెన్ను తీశారు.

"నంబరివ్వు" అన్నారు.