సూరమ్మ వదిన కృతజ్ఞత కూడిక

మా పక్కింటి సూరమ్మ వదిన దేవుడికి ఒక మాటిచ్చి ఇరుక్కుపోయింది. వాళ్ళాయన రాజరత్నం అన్నయ్య కొబ్బరిచెట్టు మీంచి పడి ఆసుపత్రిలో ఉన్నప్పుడు, "ప్రభువా, నా కష్టాలన్నీ తీరిపోతే మా వాకిట్లో కృతజ్ఞత కూడిక పెట్టి, చర్చి మొత్తానికి కోడి పలావు వండి పెడతాను" అని మొక్కుబడి చేసుకుంది. ఈ కష్టం తీరితే అంటే సరిపోయేది. కష్టాలన్నీ అంది. అక్కడే వచ్చింది చిక్కంతా.

అన్నయ్య లేచి తిరిగాడు. కొవ్వూరులో మా చర్చివాళ్ళందరం పలావు కోసం ఎదురుచూశాం. ఈలోగా వాళ్ళబ్బాయి సుకుమార్‌కి పచ్చకామెర్లు. వాడికి తగ్గేసరికి గాలివానకి ఇంటిమీది రేకులు లేచిపోయాయి. రేకులు వేయించుకున్నారో లేదో, అమ్మాయి ఆశాజ్యోతి నర్సింగు పరీక్ష తప్పింది.

"ఇంకెప్పుడు వదినా?" అని నేను అడిగినప్పుడల్లా ఒకటే జవాబు.

"ఇదొక్కటీ గట్టెక్కనీ హెలెన్ వదినా. అన్నీ తీరాయని దేవుడి ముందు అబద్ధం ఆడమంటావా ఏంటి?"

నాకు ఒళ్ళు మండేది. ఎవరింట్లో కూడిక జరిగినా గరిటె పట్టేది ఆవిడే. అంగన్‌వాడీలో ఆయా పని ముగించుకుని, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని వచ్చేసేది. అందరి సంతోషాలకీ వండిపెట్టి, తన సంతోషాన్ని మాత్రం వాయిదా వేసుకుంటూ కూర్చుంది. అలాగని ఏడుపుగొట్టు మనిషేం కాదు. ఆవిడ నవ్వితే మా వంటింట్లోకి వినపడుతుంది. అందుకే ఆవిడ మీద నా కోపం ఎంతోసేపు నిలిచేది కాదు.

పోయినేడు ఆశాజ్యోతికి ఉద్యోగం వచ్చింది. సుకుమార్ కూడా ఓ దారిలో పడ్డాడు. వదిన ధైర్యం చేసి పాస్టరు అయ్యగారితో చెప్పి, ఆదివారం ఆరాధనలో కూడిక ప్రకటన చేయించింది. ఆ వారంలోనే అన్నయ్యకి కాళ్ళూ మొహమూ వాచిపోయాయి. రాజమండ్రి తీసుకెళితే రెండు కిడ్నీలూ పాడైపోయాయన్నారు. బతికున్నంతకాలం డయాలసిస్ తప్పదన్నారు.

కూడిక ఆగిపోయింది. వదిన నవ్వు కూడా మాకు వినపడటం మానేసింది.

ఒకరోజు డయాలసిస్ నుంచి వచ్చిన అన్నయ్యని పలకరిద్దామని వెళ్ళాను. మంచం మీద వాలి ఉన్నాడు.

"సూరమ్మా, కూడిక ఎప్పుడు పెడతావే?" అని అడిగాడు.

"నీకు తగ్గాక పెడదాంలేవయ్యా."

"ఇది తగ్గేది కాదు. డాక్టరు గారు నీ ముందే చెప్పారు కదా. ఇది తీరిపోయిందంటే నేను పోయినట్టే. అప్పుడు పెడతావా కృతజ్ఞత?"

"నోరు ముయ్యవయ్యా!" అని వదిన లోపలికి వెళ్ళిపోయింది. చాలాసేపటికి ఎర్రబడ్డ కళ్ళతో బయటికొచ్చి, "వదినా, మీ పెద్ద గిన్నె ఖాళీగా ఉందా?" అంది. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

వాకిట్లో షామియానా వేశారు. పాటలయ్యాక విజయ్ పాల్ అయ్యగారు వదినని సాక్ష్యం చెప్పమన్నారు. మా దగ్గర సాక్ష్యమంటే, వచ్చిన కష్టం చెప్పి, దేవుడు దాన్ని ఎలా తీర్చాడో చెప్పాలి. అప్పుడు అందరం "స్తోత్రం" అనాలి. వదిన తలమీదకి కొంగు లాక్కుని ఒక్కొక్కటే చెబుతుంటే మేం స్తోత్రం అంటూ వచ్చాం. చివరికి కిడ్నీల దగ్గరికొచ్చి ఆగిపోయింది.

"ఇది తీరలేదండి. తీరదంట కూడా. అన్నీ తీరాక పెడతానని మాటిచ్చి, తీరకుండానే పెడుతున్నాను. దేవుడు క్షమించాలి. రేపు దీనికి తోడు ఇంకోటి వచ్చినా రావచ్చు. కానీ ఇవాళ మా ఆయన ఇదిగో, నా ఎదురుగా కూర్చున్నాడండి..."

కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. తీరని కష్టానికి స్తోత్రం అనాలో వద్దో తెలియక మేమంతా మొహమొహాలు చూసుకున్నాం.

"స్తోత్రం!" అన్నాడు రాజరత్నం అన్నయ్య, కుర్చీలోంచి లేవలేక చెయ్యి మాత్రం పైకెత్తి. "ఇంక వడ్డించవే, ఆకలేస్తోంది."