గోడవతల గడ్డిపడక

మౌలాలిలోని మా రైల్వే క్వార్టర్లో వెనకగదే నా పురిటిగది. బాబు పుట్టిన మూడోరోజు ఆసుపత్రి నుంచి తీసుకొచ్చి అమ్మ నన్ను అందులో పెట్టింది. చెవుల్లో దూది, తలకు గుడ్డ, నడుముకు కట్టు. నడి వేసవిలో కిటికీ బిడాయించి, ఫ్యాను వేయనివ్వలేదు. పదకొండోరోజు స్నానం అయ్యేదాకా గుమ్మం దాటకూడదని మా శ్రీకాకుళం లెక్క. ఉక్కకు ప్రాణం పోతోందే అంటే, తను ముగ్గుర్ని కన్నాననీ, చచ్చిపోలేదు కదా అనీ అనేది. మా ఆయన గది బయటే నిలబడి, అత్తయ్య చెప్పినట్టు వినమని డ్యూటీకి జారుకునేవారు. ఇద్దరి మీదా ఒళ్ళు మండేది.

అమ్మ స్నానానికి వెళ్ళగానే కిటికీ రెక్క వేలెడంత తెరిచేదాన్ని. ఐదోరోజు అలా చూస్తే పెరటి వెనక, కూలిన గోడ అవతల తుప్పల్లో ఒక పంది. ఊరపంది అనుకున్నాను. మెడ మీద నిక్కిన జూలు చూశాక తెలిసింది, అడవిపంది. నోటినిండా ఎండుగడ్డి పీక్కొచ్చి కుప్ప పోస్తోంది. కుప్ప మోకాలెత్తు అయ్యాక మూతితో ఎత్తి కిందికి దూరిపోయింది. ఇక తోక కూడా కనపడలేదు.

మర్నాడు చూస్తే పిల్లలు, ఒంటి నిండా ఉడత చారలు. ఎండ ముదిరితే తల్లి ఒకపక్క గడ్డి తోసేసి గాలి తగిలేలా పడుకునేది. గుర్రుమని పిల్లల్ని పక్కకు జరిపి, ముందుకాళ్ళు మడిచి మెల్లగా ఒరిగేది. అవి ఒకదాని మీద ఒకటి ఎక్కి ముద్దగా నిద్రపోయేవి. సాయంత్రం మేతకు పోతూ గడ్డి లాగి కప్పి వెళ్ళేది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే కాలనీ మొత్తం కర్రలతో దిగేది.

తొమ్మిదోరోజు మిషన్ చప్పుడైంది. గోడ వెంట తుప్పలు కొట్టిస్తున్నారు. కొట్టిన గడ్డి కుప్పలు వేసి, వరసగా నిప్పు పెట్టుకుంటూ వస్తున్నారు. చివర ఉన్న కుప్ప దానిది. చూసేవాళ్ళకు అదీ మామూలు ఎండుగడ్డే. ఒకతను మండుతున్న కట్టె పట్టుకుని తిన్నగా అటే నడిచాడు.

పెరటి తలుపు గడియ తీసి మెట్టు మీదికి వచ్చేశాను. బయట వడగాలి మొహాన కొట్టింది.

"అన్నా, ఇక్కడ మంట పెట్టొద్దు. లోపల పసిగుడ్డు ఉన్నాడు, పొగ పడదు."

పొద్దునా సాయంత్రం అమ్మ గదినిండా సాంబ్రాణి పొగ వేస్తే వాడు తుమ్మను కూడా తుమ్మడు. అది వేరే సంగతి.

మేస్త్రీ నన్ను చూసి కంగారుపడ్డాడు. "పచ్చి బాలింతవు, బయటికెందుకొచ్చినవమ్మా? లోపలికి పో. ఈడ మంట పెట్టం, కోసుడు సుత బంద్ చేస్తం" అని మనుషుల్ని అవతలి వీధికి మళ్ళించాడు.

నేను వెనక్కి తిరిగేసరికి గరిటె పట్టుకుని అమ్మ.

"సెవుల్లో దూదేదే? గాలి సోకిపోనాది. ఇంక పదకొండూ లేదు, పాడూ లేదు. ఇరవయ్యొకటి దాకా ఇక్కడే."

రెండురోజుల్లో బయటపడాల్సినదాన్ని. ఎందుకు వచ్చానో చెబుదామని నోటిదాకా వచ్చింది, మింగేశాను. గోడకు తిరిగి పడుకుని చాలాసేపు ఏడ్చాను. అమ్మ కిటికీకి మేకు కొట్టించింది. రెక్కల మధ్య సన్నటి సందు మాత్రం మిగిలింది.

పద్నాలుగోరోజు తెల్లవారుతుండగా ఆ సందులోంచి చూశాను. పంది గడ్డిలోంచి లేచింది. ఈసారి పిల్లల మీద ఏమీ కప్పలేదు. గుర్రుమని పిలిచి నడిచింది. పిల్లలన్నీ వరసగా దాని వెంట గోడ సందు దాటి గుట్టవైపు పోయాయి. వాటి ప్రాణం దక్కినందుకు సంతోషపడాలి కదా. నాకు మాత్రం కడుపు మండిపోయింది. పందిని చూసి కుళ్ళుకున్నాను, సిగ్గు లేకుండా.

వెనక తలుపు చప్పుడైంది. అమ్మ కరివేపాకు కారం, వేడన్నం తెచ్చింది. నా చెవిలో వదులైన దూదిని వేలితో లోపలికి నొక్కి, తలుపు వేసుకుని వెళ్ళిపోయింది.