నల్లతెర ముందు అసిరయ్య వేసిన కార్డు

అసిరయ్యతో నాది ముప్పై ఏళ్ల తగువు. ఒడిశాలోని బరంపురం బడాబజార్లో మా వీధికి తెలుగు కార్డులు వేసేది అతనొక్కడే, వాటిలో తప్పులు దిద్దేది నేనొక్కణ్ణే. బడి నుంచి రిటైరై ఆరేళ్లయినా ఎర్రపెన్ను నా జేబులోంచి దిగలేదు. పెళ్లి కార్డయినా, చావు కార్డయినా మొదటి కాగితం నా చేతిలో పడాల్సిందే. "తప్పు దొరక్కపోతే మేస్టారికి అన్నం సయించదు," అనేవాడు. నిజమే లెండి.

కుర్రతనంలో అతను అచ్చాఫీసులో సీసం అక్షరాలు పేర్చేవాడు. చూడకుండానే వేళ్లు గడిలోకి వెళ్లి కావలసిన అక్షరాన్ని తెచ్చేవి. తర్వాత కంప్యూటరు వచ్చింది. వేళ్లు అవే.

మొన్న వేసవిలో అతని భార్య పోయింది. పదోరోజుకి ఇంకా మూడు రోజులుండగా అతని ప్రింటింగ్ కొట్టుకి వెళ్లాను. ఆమె తమ్ముడు కాసులు సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. గోపాల్‌పూర్‌లో చేపల వేటకి వెళ్లే మనిషి. కార్డులు తీసుకుని నాలుగు గంటల బస్సెక్కాలి. వాళ్ల పేటలో కార్డు చేతికందితేనే పిలుపు. ఫోన్లో చెబితే అది కబురే, ఎవరూ కదలరు.

కంప్యూటరు తెర చూస్తే నల్లగా ఉంది.

"ఏమైందయ్యా?"

"గ్రాఫిక్స్ కార్డు పోయినట్టుంది మేస్టారూ. పొద్దున్న గీతలొచ్చినాయి. ఆనక ఇదిగో, ఇలాగ."

వైరు మార్చి చూశాడట. పక్కకొట్టు మానిటరు తెచ్చి తగిలించాడట. నా ఎదురుగా కంప్యూటరు డబ్బా విప్పి, తెరకి బొమ్మ పంపే ఆ కార్డు ఊడదీసి, దాని అంచునున్న పసుపు రేకుల పళ్లని నా జేబులోని రబ్బరుతో రుద్ది మళ్లీ గుచ్చాడు. ఫ్యాను తిరిగింది. కాసేపటికి విండోస్ మొదలైన చప్పుడూ వినబడింది. తెర మాత్రం నలుపే. కొత్త కార్డు భువనేశ్వర్ నుంచి రేపటికి గాని రాదు.

"ఇంకో కొట్టుకెల్దాం బావా," అన్నాడు కాసులు.

"అక్కడ తెలుగెవుడు కొడతాడ్రా? అయినా మీ అక్క కార్డు ఇంకోడు ఏస్తాడేటి?"

"మరి బస్సెల్లిపోద్ది!"

"సప్పుడినబడింది కదా. లోపల పేణముంది. మనకి కనబడ్డం లేదంతే."

అన్న మాటకి తనే ఆగిపోయాడు.

కీబోర్డు ముందుకి లాక్కున్నాడు. చావు కార్డుల ఫైలు ఏ మీటలు నొక్కితే తెరుచుకుంటుందో, పాత పేర్లు ఎన్నో వరుసలో చెరపాలో అంతా అతని వేళ్లకి తెలుసు. నల్లతెర వైపే చూస్తూ టైపు కొడుతూ పోయాడు. నోరు మూసుకుని కూర్చోవడం నాకెంత కష్టమో మా ఆవిడనడగండి. ఆ పావుగంటా కూర్చున్నాను.

ప్రింటరు కదిలింది. మొదటి కాగితం నా చేతిలో పడింది. తిథి సరి. ఊరు సరి. అతని పేరు, కాసులు పేరు, అన్నీ సరే. 'నా భార్య శ్రీమతి' తర్వాత మాత్రం ఖాళీ.

"పేరేదయ్యా?"

కాగితం తీసుకుని చాలాసేపు చూశాడు. "కొట్టేననుకున్నాను మేస్టారూ." కాగితం బల్ల మీద పెట్టి అన్నాడు, "నలభయ్యేళ్లూ 'ఒసే' అనే పిల్సేను. పేరు ఒక్కపాలీ నా నోట్లోంచి రానేదు. నా సేతి యేళ్లకీ తెలీకపోయింది."

కాసులు మొహం తిప్పుకున్నాడు.

"మీరు సెప్పండి మేస్టారూ. బళ్లో పిల్లలకి సెప్పినట్టు సెప్పండి. నాను కొడతాను."

లేచి నిలబడ్డాను. కూర్చుని డిక్టేషన్ చెప్పడం నాకు రాదు.

"అ," అన్నాను. మీట చప్పుడైంది.

"మ్మ."

కాస్త ఆగి కొట్టాడు.

"డు."

వేళ్లు మీటల మీదే ఉంచి, నా మాట వెంటే పైకి అన్నాడు, "అమ్మడు."

కార్డులన్నీ వచ్చాయి. కాసులు వేడి తగ్గకముందే వాటిని సంచీలో సర్దుకుని బస్సుకి పరిగెత్తాడు. అసిరయ్య కంప్యూటరు కట్టేశాడు. ఫ్యాను ఆగింది. తెరలో మాత్రం మార్పేమీ లేదు.