నిండిన కల్లం

ఎనభైల చివర్లో డిగ్రీ ముగించి ఆర్మూరులో ఖాళీగా తిరుగుతున్న నాకు, ఒక సర్కారు పథకం ఫలించిందో లేదో చూసివచ్చే తాత్కాలిక ఉద్యోగం దొరికింది. చేతికి ఒక ఫారం ఇచ్చారు. ఊరూరా తిరిగి అవును, కాదు అనే గళ్లలో టిక్కులు పెట్టడమే పని. దీన్ని మూల్యాంకనం అంటారని తెలిసి మా వాడలో కొన్నాళ్లు మెడ నిక్కించుకొని తిరిగాను కూడా. సిగ్గులేని వయసు.

పథకం సిమెంటు కల్లాలది. ఉడకబెట్టిన పసుపును మట్టినేల మీద ఆరబోస్తే మన్ను అంటుతుంది, వాన పడితే నల్లబడుతుంది, మార్కెట్లో ధర పడిపోతుంది. అందుకని ఊరికో కల్లం. ఆలోచన మంచిదే. కానీ పథకం గీసిన మహానుభావులు వరి జిల్లాల పద్ధతిని ఉన్నదున్నట్టు ఇక్కడ దించారు. వడ్లు రెండు మూడు రోజుల్లో ఆరి లేచిపోతాయి, పదిమందికి ఒక కల్లం వంతులవారీగా సరిపోతుంది. పసుపుకొమ్ముకు పక్షం రోజులైనా పడుతుంది. ఈ సంగతి తెలియడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. మార్కెట్ గేటు దగ్గర చాయ్ తాగుతున్న ఏ హమాలీ అయినా చెప్పేవాడు, అడిగితే కదా.

నందిపేట వైపు ఒక ఊరికి పోయాను. అక్కడ ముందుగా పోసినవాడిదే కల్లం. ముందుగా పోసేది ఏటా ఊరి పెద్దరైతే. ఆయన పసుపు లేచేసరికి మిగతా అందరి పనీ మట్టి మీదే ముగిసిపోయేది. ఆ కల్లం పక్కనే, మగడు పోయాక ఎకరం పసుపు ఒంటిచేత్తో పండించుకున్న ఒకామె తన పంటను మట్టి మీద ఆరబోసింది. ఏడాదంతా ఆమె బతకాల్సింది ఆ కుప్ప మీదే.

కల్లం వాడకంలో ఉన్నదా అని నా ఫారం అడిగింది. నిండుగా ఉంది, టిక్కు పెట్టాను. ఆమె దగ్గరికొచ్చి నిలబడింది.

"నాకు వంతు దొరుకుతలేదని గా కాయితంల రాసినవా బిడ్డా?"

దానికి గడి లేదు. రాశానని అబద్ధం చెప్పాను.

మూడోనాడు చెడగొట్టు వాన కొట్టింది. ఆమె పసుపు నల్లబడింది. మార్కెట్లో ఖరీదుదారులు కొమ్ము విరిచి చూసి పక్కకు పోతే, చివరికి వచ్చినకాడికి అమ్ముకుందట. మా నివేదికలో మాత్రం కల్లాలన్నీ నిండుగా ఉన్నాయి కాబట్టి పథకం దివ్యంగా ఫలించింది. దవాఖానలో మంచాలన్నీ నిండాయి కాబట్టి ఊరంతా ఆరోగ్యంగా ఉందన్నట్టు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, ముందు నా మీదే.

మరుసటి ఏడు అదే ఫారంతో మళ్లీ అదే ఊరు. ఈసారి మా అధికారి కూడా వచ్చాడు. ఆమె పసుపు మానేసి, ఆ ఎకరాన్ని పెద్దరైతుకే కౌలుకిచ్చి, ఇంటి అరుగు మీద బీడీలు చుడుతోంది. నన్ను గుర్తుపట్టింది గానీ చెయ్యి ఆపలేదు. అధికారి అక్కడే నిలబడి, కల్లంలో వంతు ఎవరైనా అడుగుతున్నారా అని ఇద్దరు ముగ్గురిని విచారించాడు. ఎవరూ అడగడం లేదన్నారు.

"పోయినేడు వంతుల లొల్లి ఉండెనట. ఇప్పుడు అడిగెటోళ్లే లేరు. సమస్య తీరింది, రాసుకో" అన్నాడు నాతో.

రాసుకున్నాను. అరుగు మీద ఆమె అంతా వింటూనే ఉంది.