మొగుడి బదులు ఓటు

ఓటు కోసం కట్టుకున్నవాణ్ని పొట్టన బెట్టుకున్న ఆడది మా బొగ్గు కొండ మీద ఒక్కతే, డీలియా హూడాక్. పొట్టన బెట్టుకుందంటే, మరీ చంపలేదులెండి. అతన్ని తిన్నది బొగ్గు ధూళి. ఆమె చేసిందల్లా ఓటు అడగడం. మిగతా పని చట్టం చూసుకుంది.

డీలియా పుట్టింది పెన్సిల్వేనియాలో ఈ కొండ మీదే. అమ్మానాన్నలు ఐర్లండ్ నుంచి వచ్చినవాళ్లు. ఊళ్లోవాళ్ల బట్టలు ఉతికి ఇస్త్రీ చేసేది. ఆడవాళ్లకు ఓటు కావాలని పట్నం దొరసానులు ఊరేగింపులు తీసిన రోజుల్లో వాళ్ల తెల్లగౌన్లకు గంజి పెట్టింది, ఓటు ఉద్యమం గుర్తుగా భుజాన వేసుకునే పసుపు పట్టీలు కుట్టింది, వెనకాల తనూ నడిచింది. అలాంటి ఆడవాళ్లను మా ఫాదర్ ఒక ఆదివారం చర్చిలో దులిపేశాడు. ఆయన బట్టలూ ఉతికేది డీలియాయే. మరుసటి ఆదివారం గంజి కాలరు కోసుకుని ఆయన మెడ చుట్టూ ఎర్రటి గీత పడింది.

ఆమె మొగుడు ఆంద్రే హంగరీ నుంచి వచ్చి గనిలో పనిచేసే స్లోవాక్ మనిషి. పౌరసత్వం కోసం ఒకసారి కోర్టుకెళ్లాడు. "ఇక్కడ చట్టాలు చేసేదెవరు?" అని జడ్జి అడిగితే గని యజమాని పేరు చెప్పాడు. మా కొండ మీద ఆ జవాబును తప్పనేవాడు లేడు. జడ్జి మాత్రం పొమ్మన్నాడు. మళ్లీ వెళ్లాలంటే తన రోజు కూలీ, ఇద్దరు సాక్షుల కూలీ పోవాలి. ఈలోగా ప్రపంచ యుద్ధం వచ్చింది, హంగరీవాళ్లు శత్రువులయ్యారు. ఆ తర్వాత దగ్గు వచ్చింది.

పంతొమ్మిది వందల ఇరవైలో దేశమంతటా ఆడవాళ్లకు ఓటు వచ్చింది. ఎన్నికల రోజు డీలియా ఆదివారం టోపీ పెట్టుకుని, పసుపు పట్టీ కట్టుకుని, ఓట్లు వేసే ఫైరింజను షెడ్డుకు వెళ్లింది. బల్ల వెనక మా ఊరి మంగలి లూక్ టియర్నీ ఓటర్ల జాబితా పట్టుకుని కూర్చున్నాడు.

"డీలియక్కా, నీకు లేదు."

"ఏం లేదు?"

"ఓటు. నువ్వు ఈ దేశం మనిషివి కావు."

"ఒరేయ్ లూక్, నీ చీమిడి తుడిచింది నేను. ఈ కొండ దిగి సముద్రమన్నా చూడలేదు. నేను పరాయిదాన్నెట్లా అయ్యానురా?"

"పెళ్లితో. మొగుడిది ఏ దేశమో పెళ్లానిదీ అదే. చట్టం."

"మరి నాది ఏ దేశం?"

"మొన్నటిదాకా హంగరీ. యుద్ధమయ్యాక అక్కడేదో కొత్త దేశం పుట్టిందట. దాని పేరు నాకు నోరు తిరగదు."

"ఇస్త్రీ చేసుకుంటూనే రెండు దేశాలు తిరిగొచ్చానన్నమాట. దీనికి దారి లేదా?"

లూక్ బల్లకేసి చూశాడు. "ఆంద్రే బావ పౌరుడు కావాలి. లేదంటే..."

"లేదంటే?"

"నువ్వు విధవవైతే ఆ క్షణం నుంచి మళ్లీ అమెరికాదానివే. ఏమీ చెయ్యక్కర్లేదు. ఇక్కడే ఉంటే చాలు."

"ఇంకేం, పోయి వాడి సూపులో ఏదన్నా కలుపు," అని వరసలోంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. డీలియా కూడా నవ్వింది.

ఆమెకన్నా ముందే ఆ మాట ఇంటికి చేరిపోయింది. ఆంద్రే పొయ్యి దగ్గర కూర్చుని డబ్బాలోకి నల్లగా ఉమ్ముతున్నాడు.

"ఇవాళ సూపులో ఏం వేశావే?"

"క్యాబేజీ."

"అంతేనా?"

"నోర్ముయ్యవయ్యా."

అతను ఊపిరి అందాక అన్నాడు: "కాస్త ఓపిక పట్టు. వచ్చే ఎన్నికలదాకా నేను లాగనులే."

డీలియా టోపీ తీసి మేకుకు తగిలించింది. ఆ పూట అతను గిన్నె ముట్టుకోలేదు. అది దగ్గు వల్లేనని ఆమె తనకు తాను నచ్చజెప్పుకుంది.

వసంతంలో ఆంద్రే మాట నిలబెట్టుకున్నాడు. సమాధి దగ్గర లూక్, "అక్కా, ఇక నీకు..." అనబోయి ఆగిపోయాడు. మరుసటేడు చట్టమే మారింది. మొగుడు బతికుండగానే ఆడది తన దేశాన్ని అడిగి తెచ్చుకోవచ్చునట.

ఆ తర్వాత ప్రతి ఎన్నికకూ లూక్ ఆమె కోసం గుమ్మంకేసి చూసేవాడు. డీలియా మాత్రం పెరట్లో బట్టలారేస్తూ ఉండేది. టోపీలు పెట్టుకుని ఆడవాళ్లు కంచె పక్కనుంచే వెళ్లేవారు. ఆమె వాళ్లకేసి చూసేది కాదు.

ఆమె ముసలితనంలో నేను ఈ సంగతి అడిగితే ఇస్త్రీ పెట్టె ఆపకుండానే జవాబిచ్చింది.

"ఎవరు చెప్పారు నీకివన్నీ? ఆ రోజు నేను ఇల్లు కదల్లేదు. నాకు టోపీయే లేదు. ఆయన దగ్గుతో పోయాడు. ఓటు కావాలని నేనెవర్నీ ఎప్పుడూ అడగలేదు."